కేస్‌షీట్‌లో ‘వీకెండ్ బూజ్’: ఆపరేషన్ తర్వాత మతి తప్పిన ఒక పేషెంటు కేసు

పేషెంటు వయసు 36. సొంతూరు మదనపల్లె దగ్గర ఒక పల్లె. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్. మారతహళ్లి వైపు సొంత ఫ్లాటు. ఇంట్లో భార్య, ఆరేళ్ల పాప, ఉద్యోగం వెతుక్కోవడానికి వచ్చిన బామ్మర్ది. ఒక శనివారం రాత్రి వానకి తడిసిన పార్కింగ్ ర్యాంపు మీద కాలు జారి కుడి చీలమండ విరిగింది. ఆదివారం మధ్యాహ్నం వెన్నుకు మత్తిచ్చి ప్లేటు, స్క్రూలు వేశారు. ఆపరేషన్‌లో ఏ ఇబ్బందీ రాలేదు. మంగళవారం పొద్దున్నే ఆర్థోపెడిక్ వార్డు నుంచి నాకు ఫోన్ వచ్చింది. మనిషి రాత్రంతా నిద్రపోలేదు, అరుస్తున్నాడు, సెలైన్ పీకేస్తున్నాడు, సైకోసిస్, అంటే లేనిది ఉన్నట్టు తోచే మానసిక జబ్బు, ఏమో చూడమన్నారు.

నేను సైకియాట్రిస్టుని. జనరల్ ఆసుపత్రుల్లో వేరే జబ్బులకి చేరినవాళ్లని చూడటం నా పనిలో పెద్ద భాగం. ఈ కేసు రాయడానికి పేషెంటు, ఆయన భార్య ఇద్దరూ ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఇలాంటిది సర్జరీ వార్డుల్లో తరచూ వస్తుంది, ప్రాణం మీదికి తెస్తుంది. ముందే పసిగట్టడానికి ఖరీదైన పరీక్షేమీ అక్కర్లేదు, ప్రశ్న సరిగ్గా అడిగితే చాలు. అందుకే వివరంగా రాస్తున్నాను.

మంచం దగ్గర

నేను వెళ్లేసరికి అతని పది వేళ్లూ మంచం రైలింగు మీద టైప్ చేస్తున్నాయి. మధ్యమధ్యలో కుడిచేత్తో మౌస్ కదిపినట్టు దుప్పటిని పక్కకి జరుపుతున్నాడు. ఎదుటి గోడవైపు చూసి “మీరు మ్యూట్‌లో ఉన్నారండీ, అన్‌మ్యూట్ చేయండి” అంటున్నాడు. సెలైన్ గొట్టం మీద చీమలు పాకుతున్నాయని నర్సుకి చూపించి, గోటితో గీకేస్తున్నాడు. ఎక్కడున్నారని అడిగితే ఒకసారి మదనపల్లె అన్నాడు, ఒకసారి ఆఫీసు అన్నాడు. నాడి 128, బీపీ 170/104, జ్వరం 100.8. ఒంటిమీది గౌను చెమటకి తడిసి ముద్దయింది. చేతులు చాపమంటే వేళ్లు ఆగకుండా వణికాయి.

ఆ టైపింగే నన్ను ఆపింది. మతి తప్పిన స్థితిలో మనిషి తన రోజువారీ పనిని గాల్లో చేస్తూ ఉండటాన్ని పాత వైద్య పుస్తకాలు కూడా వర్ణించాయి. డ్రైవరు స్టీరింగు తిప్పుతాడు, టైలరు సూదిలోకి దారం ఎక్కిస్తాడు. సైకోసిస్‌లో ఇలా కనిపించడం అరుదు. మద్యం హఠాత్తుగా ఆగిపోయినప్పుడు వచ్చే డెలీరియం ట్రెమెన్స్‌లో తరచూ కనిపిస్తుంది.

అలా అని వెంటనే తీర్మానించేయకూడదు. ఎముక విరిగిన పేషెంటుకి మతి తప్పితే కొవ్వు కణాలు ఊపిరితిత్తులకీ మెదడుకీ చేరాయేమో చూడాలి. జారిపడ్డప్పుడు తలకి దెబ్బ తగిలి ఉండొచ్చు. ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, షుగర్ పడిపోవడం, నొప్పి మందుల ప్రభావం, అన్నీ చూడాలి. ఆక్సిజన్ బాగుంది, తల సీటీ నార్మల్, సోడియం, షుగర్ సరిగ్గానే ఉన్నాయి, గాయం శుభ్రంగా ఉంది. పొటాషియం 3.0, మెగ్నీషియం 1.3. రెండూ తక్కువే.

అప్పుడు కేస్‌షీట్ వెనక్కి తిప్పాను. ఆపరేషన్‌కి ముందు రాసిన కాగితంలో అలవాట్ల దగ్గర ఇంగ్లీషులో ఒకే ముక్క ఉంది: వీకెండ్ బూజ్, అప్పుడప్పుడు. అంటే వారాంతాల్లో మద్యం. దాని కింద పేజీలోనే శనివారం రాత్రి రక్త పరీక్ష. ఎంసీవీ 104, ప్లేట్‌లెట్లు 1.1 లక్ష, ఏఎస్‌టీ 142, ఏఎల్‌టీ 61. ఎర్ర రక్తకణాలు ఉబ్బి ఉన్నాయి, ప్లేట్‌లెట్లు తగ్గాయి, లివర్ ఎంజైముల్లో ఏఎస్‌టీ రెండోదానికి రెట్టింపు దాటింది. ఈ మూడూ ఒక్కచోట కనిపిస్తే అది శనివారాలు మాత్రమే తాగే మనిషి రక్తం కాదు. మద్యంతో పెరిగే మరో లివర్ ఎంజైము జీజీటీ తర్వాత చేయిస్తే 380 వచ్చింది.

గంటల లెక్క

రోజూ ఎక్కువ మోతాదులో తాగితే మెదడు దానికి తగ్గట్టు తనను మార్చుకుంటుంది. మద్యం మెదడు వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి, మెదడు ఎదురు వేగం పెంచుకుంటుంది. బ్రేకు తొక్కి ఉండగా యాక్సిలరేటర్ కూడా తొక్కి పెట్టినట్టు. ఉన్నట్టుండి బ్రేకు మీంచి కాలు తీస్తే ఏమవుతుందో అదే విత్‌డ్రాయల్. ఆఖరి గుక్క పడిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమట, గుండెదడ మొదలవుతాయి. 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య కొందరికి డెలీరియం వస్తుంది, అంటే మతి తప్పుతుంది. వైద్యం అందితే ఈ దశలో చనిపోయేవాళ్లు 5 శాతం లోపే. అందకపోతే ఆ సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇతని ఆఖరి గ్లాసు శనివారం రాత్రి 8 ప్రాంతంలో. ఆదివారం సాయంత్రం వణుకు వచ్చింది, మత్తు దిగుతున్నందుకు అనుకున్నారు. సోమవారం నాడి పెరిగింది, నొప్పి అనుకుని ట్రమడాల్ ఇచ్చారు. సోమవారం రాత్రి కేకలు మొదలయ్యాయి, సైకోసిస్‌కి వాడే హాలోపెరిడాల్ ఇచ్చారు. ఒక్కొక్కటి విడిగా చూస్తే ఏ డ్యూటీ డాక్టరైనా చేసే పనే. కానీ ఈ రెండు మందులూ ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచగలవు. కారణం తెలిసి ఉంటే రెండూ ఆ రాత్రి ఇచ్చేవాళ్లు కారు. మంగళవారం పొద్దునకి సుమారు 60 గంటలు గడిచాయి.

లివర్ సంగతి తెలిసింది కాబట్టి, విత్‌డ్రాయల్‌ని శాంతింపజేసే మందుల్లో లివర్ మీద భారం తక్కువ పడే లోరాజెపామ్ ఎంచుకున్నాను. నరంలోకి కొద్దికొద్దిగా, మనిషి నెమ్మదించేదాకా, ప్రతి డోసుకీ శ్వాస చూసుకుంటూ ఇచ్చాం. థయామిన్, అంటే బి1 విటమిన్, 500 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి మూడుసార్లు నరంలోకే. గ్లూకోజు ఎక్కించే ముందు థయామిన్ పడాలి. బి1 లోపించిన మెదడుకి ముందుగా గ్లూకోజు ఇస్తే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. మెగ్నీషియం, పొటాషియం సరిచేశాం. లైటు వేసి ఉన్న గది, గోడకి గడియారం, వీలైనంతవరకు అదే నర్సు, పక్కన తెలుగులో మాట్లాడే ఇంటి మనిషి. చేతులు కట్టేయనివ్వలేదు. శుక్రవారం పొద్దున లేచి పాప స్కూలుకి వెళ్లిందా అని అడిగాడు. మధ్యలో జరిగింది చాలావరకు గుర్తులేదు.

ఇంటివాళ్లు చెప్పింది

మొదటిరోజు భార్య నాతో, “ఆయన అసలు తాగరని కాదు మేడమ్. ఫ్రెండ్స్ వస్తే, టీమ్ పార్టీ ఉంటే. అది మామూలే కదా” అంది. ఆమె ఏదో దాస్తోందని నాకనిపించలేదు. తల్లి మదనపల్లె నుంచి రాత్రి బస్సుకి వచ్చింది. “మా ఇంట్లో తాగుబోతులు ఎవరూ లేరమ్మా” అన్న ఆవిడే, ఇంకాస్త మాట్లాడాక, తన తమ్ముడు 44 ఏళ్లకే కడుపులో నీరు చేరి పోయాడని చెప్పింది.

అసలు సంగతి చెప్పింది బామ్మర్ది. లిఫ్టు దగ్గర నన్ను ఆపి, “బావ రూములో మానిటర్ వెనకాల రోజూ ఒక హాఫ్ ఉంటుంది మేడమ్. అక్కకి నేను చెప్పానని తెలియనివ్వద్దు” అన్నాడు. ఖాళీ సీసాలు ఏం చేస్తాడని అడిగాను. ఇక్కడ తడి చెత్త, పొడి చెత్త వేరుచేసి ఇవ్వాలి. సీసాలు పొడి చెత్తలో వేస్తే హౌస్‌కీపింగ్‌వాళ్లకి, పక్క ఫ్లాటువాళ్లకి కనిపిస్తాయి. అందుకని లాప్‌టాప్ బ్యాగులో పాత టవల్‌లో చుట్టి తీసుకెళ్లి ఆఫీసు దారిలో పడేసేవాడట.

‘బూజ్’ అనే మాటలో ఏం పట్టింది, ఏం పట్టలేదు

పేషెంటు తేరుకున్నాక కూర్చుని మాట్లాడాను. ఆపరేషన్‌కి ముందు డాక్టరు ఇంగ్లీషులో “బూజ్ అలవాటుందా” అని అడిగాడని, వీకెండ్ మాత్రమే అని జవాబిచ్చానని అతనికి బాగా గుర్తుంది. రోజూ హాఫ్ తాగుతూ అలా ఎందుకు చెప్పారని అడిగితే నిజంగానే ఆశ్చర్యపోయాడు. “నేనేమీ అబద్ధం చెప్పలా మేడమ్. రాత్రిపూట తాగేది బూజ్ కాదు, అది నిద్రకి. యూఎస్ కాల్స్ అయ్యేసరికి పన్నెండున్నర, అది లేకపోతే తెల్లారేదాకా కళ్లు మూతపడవు.” మరి పొద్దున? కాసేపు ఆగి చెప్పాడు. “పొద్దున ఒక నైంటీ. అది చేతులు నిలబడడానికి. తొమ్మిదిన్నరకి స్టాండప్ మీటింగులో స్క్రీన్ షేర్ చేయాలి.”

ఈ కేసు మొత్తానికి కీలకం ఈ సంభాషణే. అతను అడిగిన మాటకి సరైన జవాబే చెప్పాడు. ఇంగ్లీషులో బూజ్ అంటే నామవాచకంగా ఏ రకం మద్యమైనా. క్రియగా వాడితే మాత్రం బాగా తాగడం అనే అర్థం ఎక్కువ. మధ్యయుగపు డచ్ భాషలో అతిగా తాగడానికి వాడిన మాట నుంచి వచ్చిందని నిఘంటువులు చెబుతాయి. 19వ శతాబ్దపు అమెరికాలో బూజ్ అనే ఇంటిపేరు ముద్రించిన విస్కీ సీసాలు ఉండేవి, ఆ పేరు నుంచే మాట పుట్టిందని ఒక కథ తిరుగుతుంది. అది నిజం కాదు, మాట అంతకు కొన్ని వందల ఏళ్ల ముందునుంచే ఉంది. బ్రిటన్‌లో బూజర్ అంటే తాగుబోతు కూడా, తాగే పబ్బు కూడా. అంటే ఆ మాట పుట్టిన చోట అది కాస్త మోటు మాట, మోతాదు మించిన వాసన ఉన్న మాట.

మన పిల్లల నోట్లో అది తిరగబడింది. బెంగళూరులో పనిచేసే తెలుగువాళ్లు చాలామందికి తాగుడు అంటే ఊరి చివర కొట్టు దగ్గర పడిపోయిన మనిషి. మందు అంటే ఇంట్లో పెద్దల ముందు అనలేని మాట. బూజ్ అంటే ఇందిరానగర్‌లో, కోరమంగళలో పబ్బు, టీమ్ ఔటింగు, నలుగురితో నవ్వులు. ఆ మాట పక్కన నలుగురు ఉన్నప్పుడే వర్తిస్తుంది. ఒంటరిగా, తలుపు వేసుకుని, నిద్ర కోసమో వణుకు ఆపడానికో తాగేదానికి వాళ్ల దగ్గర పేరే లేదు. జబ్బు దాక్కునేది సరిగ్గా అక్కడ. సోషల్ డ్రింకింగ్, చిల్ అవ్వడం, ఒకట్రెండు పెగ్గులు, ఇవన్నీ ఇలాంటివే. నేను చూసిన తెలుగు పేషెంట్లలో దురుద్దేశంతో దాచినవాళ్లకన్నా, అడిగిన మాటలో తమ తాగుడు లేదని మనస్ఫూర్తిగా నమ్మినవాళ్లే ఎక్కువ.

అందుకని మాటలు పక్కనపెట్టి సీసాలు లెక్కపెట్టాం. మనదేశంలో ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 10 గ్రాముల ఆల్కహాల్. 42.8 శాతం ఉండే విస్కీ, బ్రాందీ, రమ్ము 30 ఎంఎల్‌లో అంత ఉంటుంది. క్వార్టర్, అంటే 180 ఎంఎల్, 6 డ్రింకులు. 375 ఎంఎల్ హాఫ్ పన్నెండున్నర. 650 ఎంఎల్ బీరు 5 శాతానిదైతే రెండున్నర, 8 శాతం స్ట్రాంగ్ అయితే 4. ఫోన్లో దొరికే విదేశీ కాలిక్యులేటర్లు వాడితే ఈ లెక్క కుదరదు. బ్రిటన్‌లో ఒక యూనిట్ 8 గ్రాములు, అమెరికాలో ఒక డ్రింక్ 14 గ్రాములు. మన పెగ్గులు ఇంట్లో పోసుకుంటే 60 కాదు, 80, 90 కూడా అవుతాయి. అందుకే పెగ్గులు అడగను, సీసా ఎన్నిరోజులకి అయిపోతుందని అడుగుతాను.

అతను కాగితం తీసుకుని తనే వేసుకున్నాడు. రోజూ ఒక హాఫ్, పొద్దున నైంటీ. వారానికి 100 డ్రింకులు దాటింది. వాటిలో శనివారం పబ్బులో తాగిన మూడు చిన్న బీర్లు మాత్రమే, అంటే దాదాపు 4 డ్రింకులు, అతని దృష్టిలో బూజ్. కేస్‌షీట్‌కి ఎక్కింది ఆ నాలుగే. కాగితాన్ని చాలాసేపు చూసి, “ఇది కరెక్టేనా మేడమ్” అని మళ్లీ మొదటినుంచి కూడాడు. తాగుడు ఎంత ముదిరిందో కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నల ఆడిట్ పరీక్షలో 40కి 29 వచ్చింది. 20, అంతకుమించి వస్తే డిపెండెన్స్, అంటే మద్యం లేకుండా ఉండలేని స్థితి, ఉండే అవకాశం గట్టిగా ఉన్నట్టు.

ఇంకో విషయం కూడా బయటపడింది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై మద్యం షాపులు మూసేశారు. కర్ణాటకలో మళ్లీ తెరిచింది మే 4న. ఆ మధ్యకాలంలో బెంగళూరు ఆసుపత్రులకి విత్‌డ్రాయల్ కేసులు బాగా వచ్చాయి. ఇతనికి ఇంట్లో సీసా అయిపోయిన రెండో రోజు ఫిట్స్ వచ్చింది. నిద్రలేమి వల్ల అని ఫిట్స్ మాత్రలు కొన్ని నెలలు ఇచ్చారు. ఆ తర్వాత అంతా మరిచిపోయారు. ఒకసారి విత్‌డ్రాయల్‌లో ఫిట్స్ వచ్చినవాళ్లకి తర్వాతి విత్‌డ్రాయల్ ఇంకా తీవ్రంగా ఉండే ప్రమాదం ఎక్కువ. ఫిట్స్ ఎప్పుడైనా వచ్చిందా అని ఎవరైనా ఆదివారం పొద్దున అడిగి ఉంటే ఈ వివరం దొరికేది.

తెలియకుండా కలిపే మందు

డిశ్చార్జికి ముందు భార్య, తల్లి కలిసి నా గదికి వచ్చారు. తల్లే అడిగింది: “వాడికి తెలీకుండా చారులో కలిపే పొడి ఉంటుందంట కదమ్మా, అది రాసియ్యండి.” నా దగ్గరికి వచ్చే తెలుగు కుటుంబాల్లో ఈ ప్రశ్న అడగనివాళ్లు తక్కువ. వాళ్ల బాధ నాకర్థమవుతుంది, కానీ ఈ విషయంలో నేను కొంచెం కూడా తగ్గను. అలా అమ్మే వాటిలో ఏముందో మనకి తెలియదు, కొన్నిట్లో డైసల్ఫిరామ్ ఉండొచ్చు. ఆ మందు లోపల ఉండగా మద్యం తాగితే ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం పేరుకుంటుంది. ముఖం ఎర్రబారుతుంది, వాంతులు అవుతాయి, బీపీ పడిపోతుంది, ప్రాణం కూడా పోవచ్చు. తెలిసి, ఒప్పుకుని, ఇంటివాళ్ల ఎదుట వేసుకునేవాళ్లకి అది మంచి మందే. తెలియనివాడికి పెడితే అది విషం కిందే లెక్క. ఇతని లివర్ ఉన్న స్థితిలో, ఒప్పుకున్నా నేను ఇచ్చేదాన్ని కాదు. కిడ్నీలు బాగున్నాయి కాబట్టి, మళ్లీ తాగాలన్న కోరికని తగ్గించే అకాంప్రోసేట్ మొదలుపెట్టాను. 333 మిల్లీగ్రాముల మాత్రలు రెండేసి, రోజుకి మూడుసార్లు.

భార్యకి ఇంకో భయం కూడా ఉంది. ఫైల్లో ఆల్కహాల్ అని రాస్తే ఇన్సూరెన్స్ రాదేమో అని. హెల్త్ పాలసీల్లో మద్యం అలవాటుకి చేసే వైద్యాన్ని మినహాయించే నిబంధన సాధారణంగా ఉంటుంది, ఆమె టెన్షన్ గాల్లోంచి రాలేదు. చాలామంది డాక్టరు దగ్గర నోరు విప్పకపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఆమెతో ఉన్నమాటే చెప్పాను. ఫైల్లో నిజమే రాస్తాను, ఎందుకంటే వచ్చేసారి ఏ అర్ధరాత్రో ఇంకో ఆసుపత్రిలో చేరితే అతన్ని కాపాడేది ఆ వాక్యమే.

తర్వాత

మందులకన్నా నిద్ర సరిచేయడానికే ఎక్కువ సమయం పట్టింది. మేనేజరుతో మాట్లాడి అమెరికా కాల్స్ వారానికి రెండుకి తగ్గించుకున్నాడు. మొదటి కొన్ని వారాలు నిద్ర సరిగ్గా పట్టదని, అది మెదడు పాత స్థితికి వచ్చే క్రమమేనని ముందే చెప్పి ఉంచడం వల్ల తట్టుకున్నాడు. మంగళవారం రాత్రుళ్లు తెలుగు, కన్నడ కలిపి మాట్లాడుకునే ఒక ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగుకి వెళ్తున్నాడు. మొదట్లో భార్య బలవంతం మీద, ఇప్పుడు తనంతట తానే. ఊళ్లో పెదనాన్నగారి గృహప్రవేశంలో ఒక రాత్రి తాగాడు. మర్నాడే ఫోన్ చేశాడు, రమ్మన్నాను, వచ్చాడు. కోప్పడలేదు. ఆ రోజు ఎవరు పోశారు, అంతకు ముందు అన్నం తిన్నాడా, వద్దని ఏ మాటతో చెప్పబోయి ఆగాడు, ఇవే మాట్లాడుకున్నాం. కిందటిసారి జీజీటీ 61, ఎంసీవీ 96. మాత్రలు ఇంకా వాడుతున్నాడు.

ఆసుపత్రిలో మత్తు డాక్టరుగారు, నేను కూర్చుని ఆపరేషన్ ముందు ఫారంలో అలవాట్ల గడి మార్చాం. ఇప్పుడు తాగుతారా లేదా అని కాదు, ఆఖరిసారి ఏ రోజు ఎన్ని గంటలకి తాగారు, ఏ సైజు సీసా, అది ఎన్నాళ్లకి అయిపోతుంది, నిద్రకోసం తాగుతారా, పొద్దున లేవగానే చేతులు వణుకుతాయా, రెండుమూడు రోజులు మానితే ఏమైంది, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చిందా అని అడుగుతారు. పేషెంటు భాషలో, ఇంటివాళ్లని కాసేపు బయట కూర్చోబెట్టి. 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే ప్రకారం మనదేశంలో మద్యం తాగేవాళ్లు సుమారు 16 కోట్లు, డిపెండెన్స్ ఉన్నవాళ్లు సుమారు 2.9 కోట్లు. ఏ సర్జరీ వార్డులోనైనా అలాంటివాళ్లు ఉంటారనే అనుకుని అడగాలి.

ఇది చదివి రేపటినుంచే మానేద్దామనుకునేవాళ్లకి ఒక మాట చెప్పాలి. రోజూ క్వార్టర్, అంతకుమించి తాగుతున్నవాళ్లు, పొద్దున వణుకు ఉన్నవాళ్లు, ఇంతకు ముందు ఫిట్స్ వచ్చినవాళ్లు ఇంట్లో ఒక్కసారిగా ఆపొద్దు. డాక్టరు పర్యవేక్షణలో ఐదు నుంచి ఏడు రోజుల మందులతో ఆపడం సురక్షితం. బెంగళూరులో హోసూరు రోడ్డు మీది నిమ్హాన్స్‌లో దీనికోసం ప్రత్యేకంగా అడిక్షన్ మెడిసిన్ సెంటర్ ఉంది. ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446. మానే క్రమంలో ఇంట్లో మనిషికి లేనివి కనిపిస్తున్నా, తేదీ, చోటు గుర్తులేకపోయినా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అక్కడ డాక్టరుకి ముందుగా ఆఖరిసారి తాగిన సమయం, సీసా సైజు చెప్పండి.